రబ్బరు కింద లెక్క

బళ్లో పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. ఎదురుగా టీచర్‌గారు, చాటున ఎందుకమ్మ. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, లోలోపల మురిసిపోయేది కూడా. ఇరవై ఆరేళ్లుగా రెండో తరగతి చెబుతోంది. గాలికి తలుపు కొట్టుకున్నా "ఎందుకు?" అని అడగందే ఊరుకోదు. ఇంట్లో కూర మాడితే, "నీకు తినడానికి కూరెందుకే, ఎలా మాడిందో తెలిస్తే కడుపు నిండిపోతుంది" అని మొగుడు ఏడిపించేవాడు.

అలాంటి మనిషి చేతికి హెడ్మాస్టరు ఒక కాగితం ఇచ్చాడు. పైన 'బడి మెరుగుదల ప్రణాళిక' అని ఉంది. సమస్య: నాలుగో తరగతిలో ముప్పై ఒక్కమందికి పంతొమ్మిదిమంది తీసివేతల్లో తప్పారు. కారణం: టీచరు అనుభవలేమి. చేయవలసింది: టీచరును తీసేయడం, తప్పినవాళ్లను మెట్ల కింద గదిలో విడిగా కూర్చోబెట్టడం.

"శుక్రవారం కమిటీ మీటింగండీ. పెద్దవారు, మీరూ ఒక సంతకం పడేస్తే..."

"పిల్లలు ఎందుకు తప్పారండీ?"

"రాశాను కదమ్మా, అనుభవలేమి అని."

"అది ఆ అమ్మాయి సంగతి. నేనడిగేది పిల్లల సంగతి."

ఈవిడతో పెట్టుకుంటే తెమలదని ఆయనకు అనుభవమే. శుక్రవారం దాకా గడువిచ్చి ఊపిరి పీల్చుకున్నాడు.

నాలుగో తరగతి టీచరు ఆ ఏడే చేరిన చిన్నపిల్ల. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ముప్పై ఒక్క నోటుబుక్కులూ రెండు చేతుల్తో మోసుకొచ్చి బల్లమీద పెట్టింది. ఏడ్చి కళ్లు కడుక్కున్న మొహం.

"చూడండి టీచర్‌గారూ, నోటుబుక్కుల్లో ఒక్క తప్పు లేదు. పరీక్షలో మాత్రం ఇలా... నాకేం పాలుపోవట్లేదండీ."

పరీక్ష కాగితాలు చూద్దామంటే అవి పై ఆఫీసుకు వెళ్లిపోయాయి. తిరిగొచ్చింది మార్కుల జాబితా ఒక్కటే. మార్కులు ఎంతమంది తప్పారో చెబుతాయి గానీ ఎలా తప్పారో చెబుతాయా?

ఎందుకమ్మ పుస్తకాలు తిరగేసింది. నిజమే, ముత్యాల్లాంటి అంకెలు, ఒక్క కొట్టివేత లేదు. ఆ బళ్లో ప్రతి శనివారం శుభ్రమైన నోటుబుక్కుకు మెచ్చుకోలు బిళ్ల పెడతారు. దాని కోసం పిల్లలు ప్రాణాలు పెడతారు. పేజీలు మరీ మెత్తగా ఉన్నాయి. వేలితో తడిమి చూస్తే కొన్నిచోట్ల కాగితం పల్చబడి ఉంది. అప్పుడు తట్టింది ఆవిడకు. పిల్లలు ముందు తమకు తోచింది రాస్తారు, టీచరు బోర్డుమీద చేసి చూపించగానే పాతది రబ్బరుతో చెరిపి ఆ జవాబు దింపుకుంటారు. బిళ్ల వస్తుంది, లెక్క రాదు.

పుస్తకాలు ఇంటికి మోసుకెళ్లింది. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతుంటే, మొగుడి చేత పేజీ ఎత్తి పట్టించి, చెరిపిన అంకెల గాట్లు కూడబలుక్కుని చదవసాగింది.

"చెరిపేసింది చదవడమేంటే? రాసింది చదవడానికే నాకు కళ్లజోడు కావాలి."

"కాస్త వంచండి. ఆఁ, అలాగే. మూడు... ఏడు... ఆరు!"

నాలుగు వందల రెండులోంచి నూట డెబ్భై ఎనిమిది తీసేస్తే రెండు వందల ఇరవై నాలుగు రావాలి. కింద చెరిపిన జవాబు మూడు వందల డెబ్భై ఆరు. రెండో పుస్తకంలోనూ అదే, ఐదోదానిలోనూ అదే. పంతొమ్మిదిమందిదీ ఒకటే తప్పు! రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి, ఎనిమిదిలోంచే రెండు తీసేసి ఆరు వేశారు. ఆ రాత్రి ఆవిడకు పండగలా ఉంది. తీగ దొరికింది, ఇక డొంక కదలాలి.

మర్నాడు నాలుగో తరగతికి వెళ్లి, ఆఖరి బల్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కిందున్న ఎనిమిదిలోంచి పైనున్న రెండు తీసేశావు. ఎందుకమ్మా?"

ఆ పిల్ల వింతగా చూసింది. "మీరే చెప్పారు కదా టీచర్, రెండో తరగతిలో." చెప్పి ఊరుకోకుండా రాగం తీసింది: "పెద్దదాంట్లోంచే చిన్నది పోతుంది, చిన్నదాంట్లోంచి పెద్దది పోదు..."

తరగతి తరగతంతా చప్పట్లు కొడుతూ అందుకుంది. అది ఆవిడ కట్టిన పాటే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

అయినా అలవాటు ఊరుకోనిస్తుందా? ఆఫీసు గదికి పోయి చేరికల రిజిస్టరు తీసింది. తప్పనివాళ్లు పన్నెండుమంది. వాళ్లలో తొమ్మిదిమంది మూడో తరగతిలో వేరే బళ్లనుంచి వచ్చినవాళ్లు. ఆ పాట విననివాళ్లు. మిగిలిన ముగ్గురికీ ఇంట్లో చెప్పేవాళ్లున్నారు. మరి కిందటేడు దాకా ఎవరూ ఎందుకు తప్పలేదు? అంతకుముందు నాలుగో తరగతి చెప్పి రిటైరైన మాస్టారికి ఫోన్ చేసింది.

"ఏటా మొదటి రెండు నెలలూ ఆ పాట మరిపించడానికే సరిపోయేదమ్మా."

"మరి నాకొక్క మాట చెప్పలేదేం మాస్టారూ?"

"మీరు పాడిస్తుంటే మేమంతా వరండాలో నిలబడి వినేవాళ్లం. ఆ మొహం చూసి ఎలా చెప్పమంటారు?"

ఫోన్ పెట్టేసింది. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లు అందర్నీ ఎందుకని అడిగిన తను, ఆ పాటను మాత్రం ఒక్కసారీ అడగలేదు. నోరు మూసుకుని సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు కూడా. మాస్టారు చెప్పే మనిషి కాదు.

శుక్రవారం మీటింగులో కాగితం ముందుకు లాక్కుని, 'టీచరు అనుభవలేమి' మీద పెన్సిలుతో ఒక్క గీత కొట్టింది. కిందున్నది చదవడానికి వీలుగానే కొట్టింది. పక్కన రాసింది: 'రెండో తరగతిలో నేను నేర్పిన పాట.' చేయవలసిందంతా కొట్టేసి, 'పాట మాన్పడం నా పని. టీచరు ఇక్కడే ఉండాలి, పిల్లలూ ఇక్కడే ఉండాలి. చెరిపివేతలు వద్దు, బిళ్లలు వద్దు' అని రాసింది.

హెడ్మాస్టరు రబ్బరు ఆవిడ వైపు జరిపాడు. "ఇలా కొట్టివేతలతో పైకి పంపితే ఏం బావుంటుందమ్మా? మీ పేరు కూడా..."

"అలాగే పంపండి. ఎవరైనా చదువుకుంటారు."

ఆ చిన్న టీచరు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సోమవారం ఎందుకమ్మ నాలుగో తరగతి బోర్డు ముందు నిలబడింది. "నేను మీకు తప్పు నేర్పాను పిల్లలూ" అంది. ఆఖరి బల్ల పిల్ల లేచి నిలబడింది.

"ఎందుకు టీచర్?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆవిడను అడిగినవాళ్లు లేరు. ఆ పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతిలో పెట్టి, "ఎందుకో నువ్వే చేసి చూపించు" అని, తను వెళ్లి ఆఖరి బల్లమీద కూర్చుంది.