వరండాలో బ్యాటరీ

రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే గోపాలకృష్ణమూర్తిగారికి కులం పట్టింపు లేదని అందరూ చెబుతారు. అందరికన్నా ముందు ఆయనే చెబుతారు. కోనసీమ అగ్రహారంలో పుట్టినా ఏ హోటల్లోనైనా తింటారు, ఏ పిల్లల్నైనా అమ్మా, బాబూ అనే పిలుస్తారు. ఆ మంచిపేరంటే ఆయనకి ప్రాణం.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న లోవలక్ష్మిది యానాం, చేపలు పట్టే కుటుంబం. ఇద్దరూ కలిసి, మడత పెట్టినా పనిచేసే జింకు బ్యాటరీ తయారు చేస్తున్నారు. అందులో రెండు పొరల మధ్య జింకు ఉప్పు కలిపిన జెల్ ఉండాలి. మూర్తిగారు సముద్రపు నాచుతో చేసి చూశారు. బ్యాటరీని వంచితే చాలు, ఆ జెల్ కాస్తా పుటుక్కున విరిగేది. ఎన్నిసార్లు చేసినా అదే తంతు.

"చేప తోళ్ళు ఉడకబెట్టి జెల్ చేద్దామండి సార్, సాగుతుంది," అంది లోవలక్ష్మి.

"చెయ్యమ్మా, తప్పకుండా చెయ్యి. కాకపోతే వాసన కదా, వరండాలో పెట్టుకో," అన్నారాయన.

వాసన లాగేసే ఫ్యాను ల్యాబులోనే ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. పోనీ ఉడికేటప్పుడంటే సరే. వడగట్టి, జింకు ఉప్పు, గ్లిజరిన్ కలిపాక ఆ జెల్‌కి ఏ వాసనా లేదు. అయినా లోపలికి తెచ్చుకోమనే మాట ఆయన నోట రాలేదు. లోవలక్ష్మి బయట స్టూలు మీద బ్యాటరీ పెట్టి, కిటికీ ఊచల్లోంచి తీగలు లాగి, లోపలి మిషనుకి తగిలించుకుంది. అటుగా వెళ్ళేటప్పుడల్లా మూర్తిగారు ఆమె వంక చూడకుండా వాచీ చూసుకునేవారు.

జెల్ మాత్రం విరగలేదు. బ్యాటరీని వేలికి చుట్టినా, దానికి తగిలించిన లైటు వెలుగుతూనే ఉంది.

గ్రాంటు ఇచ్చినవాళ్ళ తరఫున కౌముదిగారనే సైంటిస్టు పని చూడడానికి వచ్చారు. "బ్యాటరీ బయటెందుకుందండి?" అని మూర్తిగారినే అడిగారు.

ఆయన మళ్ళీ వాచీ చూసుకున్నారు. లోవలక్ష్మి ఆయన వంక ఒకసారి చూసి, తనే అందుకుంది. "ఎండకీ గాలికీ జెల్ ఎండిపోతుందేమో చూడాలని సారే బయట పెట్టించారండి."

"భలే ఆలోచనండి! అందరూ ఏసీ గదుల్లో చేసేసి చేతులు దులుపుకుంటారు," అంటూ కౌముదిగారు అక్కడికక్కడే రాసుకుని, మిగతా టెస్టులు కూడా ఇలాగే బయటే చెయ్యమన్నారు. మూర్తిగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. అది కాదండీ అని ఒక్క మాటంటే సరిపోయేది. థాంక్సండి అన్నారు.

ఆవిడ కారెక్కి వెళ్ళాక ఆయన వరండాలోకి వచ్చారు. "అమ్మా, అదంతా లోపలికి తెచ్చేసుకో. ఇన్నాళ్ళూ నేను..."

"ఇప్పుడెలా కుదురుతుందండి? మిగతా టెస్టులు కూడా బయటే చెయ్యమన్నారు కదా మేడమ్‌గారు. లోపలికి మారిస్తే ఎందుకు మార్చారని అడుగుతారండి," అంది లోవలక్ష్మి, కోపమేమీ లేకుండా.

ఎందుకో చెప్పడానికి ఫోను ఆయన జేబులోనే ఉంది, అందులో కౌముదిగారి నంబరూ ఉంది. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఈ సిగ్గు ఆ పిల్లని గుమ్మం బయట నిలబెట్టినందుకా, లేక నలుగురికీ తెలిసిపోతుందనా అని తనలో తానే తరచి చూసుకున్నారు. రెండోదే. అది తెలిసి ఇంకా సిగ్గుపడ్డారు. ఫోను మాత్రం తియ్యలేదు.