బ్యాగు దొరికింది, మనిషి లేడు

ఆ కొండ గుడిసెకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. మైనస్ పదకొండు. గాలి వాయవ్యం నుంచి. కొత్త మంచు మోకాలు దాటింది. జపాన్ ఉత్తరాన ఉన్న ఆ కొండల్లో లిఫ్టులు లేవు, కంచెలు లేవు. స్కీల అడుగున పట్టీలు అంటించుకుని ఎక్కాలి. పైన వాటిని ఊడదీసి జారుతూ దిగాలి.

నా డ్యూటీ అందరికంటే వెనక నడవడం. సైన్యంలో ఉండగా హిమాలయాల్లో చాలా చలికాలాలు కాపలా కాశాను. హవల్దారుగా రిటైరై సింగపూర్ వచ్చాను. ఇప్పుడు క్రాంజీలో కార్మికుల డార్మిటరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మన తెలుగువాళ్లను స్కీ టూర్లకు తీసుకెళ్లే ఒక చిన్న కంపెనీ, మంచు తెలిసినవాడు కావాలని నన్ను పిలిచింది. ముందు జపాన్ గైడ్. మధ్యలో అయిదుగురు, అంతా వుడ్‌ల్యాండ్స్, జురాంగ్ వెస్ట్ వాళ్లే. వాళ్లను పోగుచేసింది బ్యాంకులో పనిచేసే ఒకాయన. ఆయన్ని లీడర్ అంటాను. వ్యాన్‌లో నన్ను సామాన్ల పక్కన కూర్చోబెట్టింది ఆయనే. గ్రూప్ ఫొటో తీయమని నా చేతికి ఫోన్ ఇచ్చిందీ ఆయనే.

మర్నాడు ఏడింటికి బయల్దేరాం. గుమ్మంలో గైడ్ అందరి బీకన్లూ పరీక్షించాడు. బీకన్ ఛాతీకి కట్టుకునే చిన్న పెట్టె. మనిషి మంచు కింద పడితే ఎక్కడున్నాడో దాని సిగ్నలే చెబుతుంది. అన్నీ పలికాయి.

మూడు గంటలు ఎక్కాక ఒక వాలు అడ్డం వచ్చింది. రాత్రి గాలి మంచునంతా తెచ్చి దాని మీద పోసింది. పరుపులా నున్నగా ఉంది. నా కాళ్ల కింద ధబ్ మని ఒక చప్పుడు. లోపలి పొర కుంగినప్పుడు వచ్చే చప్పుడు అది. రేడియో తీశాను.

“వెనక పొర కుంగింది.”

“విన్నాను,” అన్నాడు గైడ్. “వెనక్కి వెళ్లే దారి ఇంకా నిటారు. ఇక్కడే దాటాలి. ఒక్కొక్కరే. మిగతావాళ్లు చెట్లలోనే ఉండాలి.”

అతను దాటి అవతలి బండ దగ్గర నిలబడ్డాడు. తర్వాత అయిదుగురిలో ఒకరైన నర్సు దాటింది. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన అమ్మాయి. ఆమె చేరేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

తిరిగి చూస్తే మిగిలిన నలుగురూ చెట్లలో లేరు. క్యూ కట్టారు. ఒకరి వెనక ఒకరు, వాలు అంచు మీద, బస్సుకి నిలబడ్డట్టు. సింగపూర్‌లో ఎవరూ తప్పుపట్టని అలవాటు అది. ఆ వాలు మీద అది మనిషిని చంపుతుంది.

“చెట్లలోకి రండి. మంచు బరువు మోయలేదు,” అన్నాను.

“నా టర్న్ పోతుంది కదా అన్నా,” అన్నాడొకడు.

“బ్యాగు పెట్టి చోప్ చేసుకోండ్రా,” అన్నాడు లీడర్. సింగపూర్ హాకర్ సెంటర్‌లో తినేముందు టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ పట్టుకున్నట్టు, నాలుగు బ్యాగులు వరసలో పెట్టి వచ్చారు. నాలుగోది ఇమ్రాన్‌ది, హైదరాబాద్ కుర్రాడు, స్నోబోర్డు మనిషి. ఒంటేలుకని చెట్ల వెనక్కి వెళ్లాడు.

“బీకన్లు ఇంకోసారి చూడనివ్వండి,” అన్నాను.

“కల్నల్ సాబ్, పొద్దున చూశాంగా. ఇది పరేడ్ గ్రౌండ్ కాదు,” అన్నాడు లీడర్.

నవ్వారు. నేను హవల్దారునని ఆయనకు బాగా తెలుసు. ఆ మాట నేను మరచిపోలేదు, మరచిపోను.

లీడర్ తన బ్యాగు తగిలించుకుని బయల్దేరాడు. సగం దాటాడు. అప్పుడు ఇమ్రాన్ చెట్ల కిందివైపు నుంచి తేలి, తన బ్యాగు దగ్గరికి వాలు మీదుగా నడవడం చూశాను. అరిచాను. టోపీ మీద హెల్మెట్, వినపడలేదు. మంచు మీద ఒక గీత పరుగెత్తింది. చప్పుడు తర్వాత వచ్చింది. లీడర్ గీతకు అవతల పడ్డాడు, బతికాడు. ఇటువైపు వాలంతా బ్యాగులతో, ఇమ్రాన్‌తో కలిసి కిందికి పోయింది.

పొడి మంచు లేచి కళ్లు కప్పింది.

“ఒకడు కింద,” అన్నాను రేడియోలో. “అందరూ బీకన్లు సెర్చ్‌లో పెట్టండి.”

సిగ్నల్ వెంటనే దొరికింది. గైడ్ అటునుంచి, నేను ఇటునుంచి దిగాం. బీకన్ తెర మీద మీటర్ల అంకె తగ్గుతూ వచ్చింది. ఇరవై. ఎనిమిది. ఒకటి. పొడవాటి ప్రోబు కర్ర గుచ్చాను. మెత్తగా తగిలింది. పారలతో తవ్వాం. నీలం గుడ్డ కనిపించింది.

బ్యాగు.

పై జేబులో బీకన్ పలుకుతూనే ఉంది. పట్టీ ఒరుసుకుంటోందని ఇమ్రాన్ ఎక్కేటప్పుడే విప్పి అందులో పెట్టాడట. అది తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. ఆ కొండంత మంచులో మనిషి ఎక్కడున్నాడో చెప్పేది ఏదీ లేదు. ఏడు నిమిషాలు పోయాయి. పావుగంట దాటితే చాలామంది దక్కరు.

“బ్యాగు మాత్రమే,” అన్నాడు గైడ్.

రేడియోలో నర్సు గొంతు. “అంకుల్, అక్కడ కాదు లా. బ్యాగ్స్ straight గా పోయాయి, he went left. ఆ వంగిన చెట్టు దాకా చూశాను, తర్వాత కనిపించలేదు.”

“కచ్చితంగానా అమ్మా?”

“కళ్లు తీయలేదు అంకుల్.”

వంగిన చెట్టు కింద వరసగా నిలబడ్డాం. గుచ్చు, అడుగు, గుచ్చు, అడుగు. ప్రతిసారీ కర్ర నేల దాకా దిగిపోయింది. ప్రతిసారీ నా లోపల కూడా ఏదో దిగిపోయింది. చివరికి ఒకచోట రబ్బరుకు తగిలినట్టు ఆగింది. పార పక్కన పడేసి ఆఖరి జానెడు చేతులతో తీశాను. పెదాలు నల్లబడ్డాయి. వేళ్లకు వెచ్చగా ఏదో తగిలింది. ఊపిరి.

చాలాసేపటికి కళ్లు తెరిచాడు. “నా బ్యాగ్ యాడుంది భాయ్?” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు సింగపూర్‌లో దిగాం. వాట్సాప్ గ్రూపులో లీడర్ సందేశం పెట్టాడు. గైడ్‌కి థాంక్స్, నర్సుకి థాంక్స్, గుడిసెలో వంటామెకి కూడా థాంక్స్. ‘చిన్న జారుడు, అందరూ క్షేమం’ అట. నా పేరు లేదు. పేరు లేకపోయినా పోనీ, ‘చిన్న జారుడు’ అన్న మాట తీయమన్నాను. తీయలేదు. ఫోన్ చేశాను. “వదిలేయండి సర్, అంతా బాగానే అయిందిగా,” అన్నాడు. నేను వదలను. ఈ చలికాలం ఇంకో బృందం వెళుతోంది. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

ఒక్కటి మాత్రం లీడర్‌కి చెప్పలేదు. ఇమ్రాన్ మొహం మీది మంచు తీసినప్పుడు నోటి ముందున్న గడ్డ ఊడి నా అరచేతిలోకి వచ్చింది. టీ కప్పంత ఉంటుంది. లోపల చిన్న గుంట. వాడి ఊపిరి మంచును కరిగించి మళ్లీ గడ్డ కట్టించింది. గుంట గోడలు గాజులా మెరుస్తున్నాయి. గాలి చొరడానికి సందు లేదు; ఇంకాసేపుంటే వాడి ఊపిరే వాడిని చంపేది. అందులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.