ఖాళీ కప్పు వీడియో కింద నా దుకాణం నంబరు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్క గల్లీలో నాదొక చిన్న దుకాణం. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, బోనాలకు, చావులకు ఫోన్ స్టేటస్ వీడియోలు చేసిస్తాను. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు నడకను చేసి చూపిస్తుంటే ఆయనే వెనక నిలబడి మొత్తం చూశాడు. ఆ రోజుతో బడికీ నాకూ తెగిపోయింది. చేసిన ప్రతి వీడియో అడుగున సన్నటి ఎర్ర పట్టీ వేసి దుకాణం నంబరు పెట్టడం నా అలవాటు. పోయినవాళ్ల ఫోటో కింద కూడా పెడతాను, ఆ గిరాకీ రెండోసారి రాడని తెలిసినా సరే.

మా అక్క భర్త, అంటే మా బావ, ఇంటర్వ్యూలు చేసే ఒక చానల్లో కెమెరా అసిస్టెంట్. ఒక ఆదివారం చాంద్రాయణగుట్టలో వాళ్లింట్లో అన్నం తింటుంటే అక్కకు తన ఫోన్‌లో ఒక వీడియో ముక్క చూపించాడు. అందులో ఉన్నది ఒకప్పటి హీరో. అక్కకు చిన్నప్పటి నుంచీ ఆయనంటే పిచ్చి. యాంకరమ్మ, "మీ పాత సినిమాలు ఇప్పుడు మీరే చూస్తుంటారా?" అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, పైకప్పు చూశాడు, చివరికి టీ కప్పెత్తి తాగాడు. తెర అడుగున బల్ల మీదున్నప్పుడే కనిపిస్తోంది, కప్పు ఖాళీ. అది తెలిసి కూడా గుటక మింగాడు.

"ఇది బయటికి రాదు. హీరో మనుషులు తీసెయ్యమన్నరు," అన్నాడు బావ. "మీ అక్క కోసమని ఎడిటింగ్ కంప్యూటర్లకెళ్లి నా ఫోన్ల ఏసుకున్న. ఎవలకన్న తెలిస్తే నా కొల్వు వోతది. వచ్చే నెల కెమెరామెన్‌ను చేస్తమన్నరు ఇగ."

చెయ్యి కడుక్కోవడానికి ఆయన లేచాడు. ఫోన్ కంచం పక్కనే ఉంది. ఆయన తిరిగొచ్చేసరికి ఆ ముక్క నా ఫోన్‌లో ఉంది.

నిజానికి మా గల్లీలో పాలమ్మే దోస్తును ఆటపట్టిద్దామనే నా ఉద్దేశం. మర్నాడు పైన ఒక లైను రాశాను: "పాలల్ల నీళ్లెన్ని కలిపినవన్నా అని అడిగితే." చెయ్యి అలవాటుగా కింద పట్టీ కూడా వేసేసింది. గల్లీ గ్రూపులో పెట్టాను. నలభై మంది కంటే ఎక్కువ ఎవరు చూస్తారులే అనుకున్నాను.

"నీ అయ్య, రేపటి సంది నీకు ఉత్త నీళ్లే పోస్త," అని దోస్తు జవాబిచ్చాడు. నవ్వుకుంటూ తన అత్తగారి గ్రూపుకు పంపాడు. అంతే, ఇక అది నా చేతిలో లేదు.

తెల్లారేసరికి నా లైను పోయింది. "ఫీజు కట్టినవారా అని బాపు అడిగితే" అని ఎవరో పెట్టారు. "కూర ఎట్లున్నదని పెండ్లాం అడిగితే" అని ఇంకెవరో. మొఘల్‌పురా నుంచి వచ్చినదాని మీద "అమ్మీ పూఛే కిధర్ థా" అని ఉంది, ఎక్కడికి పోయినవని అమ్మ అడిగితే అని. మూడో రోజు టమాటాలమ్మే పెద్దమ్మ నన్ను పిలిచి మరీ చూపించింది.

"జూడు బిడ్డా, ఉత్త కప్పు ఎట్ల మింగుతుండో!"

నవ్వబోయాను. అడుగున నా ఎర్ర పట్టీ కనిపించింది. పైన ఎవరికి నచ్చిన మాట వాళ్లు రాసుకున్నారు. కింద మాత్రం ఎవరూ కత్తిరించలేదు. కత్తిరిస్తే కప్పు పోతుంది, కప్పు పోతే నవ్వు పోతుంది. కాబట్టి నా నంబరు ఎక్కడెక్కడో ఊరేగుతోంది.

ఆ మధ్యాహ్నమే బావ దుకాణానికి వచ్చాడు. హెల్మెట్ తీయలేదు.

"నువ్వేనా?"

"బావా, టోపీ తీస్తే గుర్తుపడ్త," అన్నాను. ఆయన నవ్వలేదు.

"మా ఆఫీసుల నీ నంబర్ అందరి ముందట తెర మీద పెట్టిండ్రు. నువ్వు నా బామ్మర్దివని అక్కడ ఎవలకెర్క లేదు. నీకు ఫోన్ వస్తది. ఏదో గ్రూపుల వచ్చిందను. జోకులెయ్యకు, దండం పెడ్త."

ఆయన ఇంకా అక్కడ ఉండగానే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. వాళ్ల ఆఫీసు మేడమ్. కోపం లేదు గొంతులో, అందుకే భయమేసింది.

"ఈ వీడియో మీకెక్కడిది?"

"గ్రూపుల వచ్చింది మేడమ్."

"ఏ గ్రూపు?"

"మా గల్లీదే. పొద్దుగాల గుడ్ మార్నింగులు, మాపటికి లొల్లి..." బావ చూపు తగిలి ఆగిపోయాను.

"అందరికంటే ముందు పెట్టింది మీరే. మేం కనుక్కున్నాం," అంది. "ఆ ముక్క మా ఎడిటింగ్ అమ్మాయి కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. నేనివ్వలేదని ఏడుస్తోంది. ఇంకో పేరు తెలియకపోతే ఈరోజే ఆమెను పంపించేస్తాం. ఆమేనా ఇచ్చింది? అవునా కాదా, అది చెప్పండి చాలు."

ఎవరేమన్నా పది జవాబులు తయారుగా ఉండే నోరు నాది. ఇప్పుడున్నవి రెండే. అవునంటే ఎవరో పిల్ల బతుకు పోతుంది. కాదంటే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, బావకూ తెలుసు. ఆయన కౌంటరు అంచు పట్టుకుని నా నోటివంకే చూస్తున్నాడు.

"ఆమె గాదు మేడమ్."

"మరెవరు?"

గల్లీలో ఉల్లిగడ్డల ఆటో మైకు అరుస్తూ పోయింది. బావ హెల్మెట్ తీసి కౌంటరు మీద పెట్టాడు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"మేడమ్, నేనే. వాడు నా బామ్మర్ది. నేనే పంపిన."

ఫోన్ పెట్టాక అడిగాను. "నేను దొంగతనంగ తీసుకున్ననని చెప్పకపోతివి బావా?"

"చెప్తే? నీ ఫోన్ల ఎందుకున్నదంటరు. అప్పుడైనా పోయేది నేనే."

ఆఫీసులో గుర్తింపు కార్డు ఇచ్చి రావడానికి వెళ్లాడు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి అక్క చిక్కుడుకాయల ముందు కూర్చుని ఆయనను కడిగేస్తోంది. ఇంట్లో కూడా తనే పంపానని చెప్పినట్టున్నాడు. గోడకానుకుని తల దించుకుని కూర్చున్నాడు.

"నాకు జూపియ్యనీకి తెచ్చిందాన్ని ఊరందరికి పంచుతడారా? బుద్ధుంటదా?"

"బావ పంపలే అక్కా," అన్నాను. "అన్నం తింటున్నప్పుడు ఆయన ఫోన్లకెళ్లి నేను తీసుకున్న. గ్రూపుల పెట్టింది గూడ నేనే."

అక్క నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. "ఇప్పుడు గూడ ఆటలేనారా నీకు? బావను బచాయించనీకి వచ్చినవా?"

నేను మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఒక్కో మాట విడివిడిగా. ఆమె చేతిలో చిక్కుడుకాయ సగం విరిగి ఆగిపోయింది.