క్లచ్ మీద కాలు ఆననివ్వని అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. ఆ ఫోన్ వచ్చేసరికి నేను నర్సంపేట మార్కెట్లో ఉన్నాను. లారీలోకి పత్తి ఎక్కిస్తున్నారు. నా భార్య ఏడుస్తూనే చెప్పింది: "అమ్మ ఇగ లేదయ్యా. నువ్వు ఆగమాగం రాకు, జర పైలం. క్లచ్ మీద కాలు ఆనియ్యకు." తల్లి మాట బిడ్డ నోట వినేసరికి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వరంగల్‌లో ఇంటిదాకా ఎడమకాలిని ఒద్దికగా పక్కనే పెట్టుకుని వచ్చాను.

లారీ ఆమెది. మామ ఉన్న రోజుల్లో పక్క సీట్లో కూర్చుని ఎన్నో ఊళ్లు తిరిగింది. గ్రీజు గన్ పట్టడం అప్పుడే నేర్చుకుంది. మామ పోయాక, "నీకు లారీ ఎందుకక్కా, అమ్మెయ్" అని ఆమె తమ్ముడు వెంటపడ్డాడు. "ఆయన చేతి బండి. తిరిగినన్నాళ్లు మనింటి ముంగటనే ఉంటది" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

అల్లుణ్నని మర్యాద చేసేది గానీ పరీక్ష మాత్రం తప్పేది కాదు. నేను బండి దిగకముందే ముక్కు ఎగబీల్చి వాసన చూసేది. "ఏందల్లుడా, మాడు వాసనొస్తాంది? ఎడమకాలు ఏడ వెట్టినవ్? గేరు మార్చేటప్పుడే తొక్కాలె. ఊకె దాని మీద కాలు పండవెడితే ప్లేటు అరిగిపోతది." తిన్నావా అని అడగడం ఆ తర్వాతే.

గేరుబాక్సు నూనె మార్చే రోజు ఇంట్లో భోజనాలు ఆలస్యమే. "వేడి మీదున్నప్పుడే దింపాలె, సల్లారితే మడ్డి లోపల్నే ఉంటది" అనేది. పాత నూనె కారుతుంటే, కింది ప్లగ్గుకున్న అయస్కాంతాన్ని వేలితో తుడిచి వెలుతురులో చూసేది. మెత్తటి పొడి అయితే ఫికర్ లేదు. ఇనుప పలుకులు కనపడితే మెకానిక్‌ను పిలవాల్సిందే. కొత్త నూనెను బాక్సు పక్కనున్న రంధ్రం అంచు దాటి జారేదాకా పోయించి, "సాలు, ఆపు" అనేది.

గ్రీజు దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగేది కాదు. నా కంచంలో నెయ్యి పోసినట్టే క్లచ్ బేరింగుకూ పట్టించేది. ఒకసారి వడ్ల లోడుతో పాలకుర్తి దాటి ఎత్తు ఎక్కుతుంటే, ఇంజను అరుస్తోంది, బండి కదలదు! షెడ్డులో విప్పి చూస్తే ఎక్కువైన గ్రీజు బయటికొచ్చి క్లచ్ ప్లేటంతా తడిసిపోయింది. అత్తమ్మ తమ్ముడు పరుగున వచ్చాడు.

"ఇప్పుడన్న అమ్ముతవా అక్కా?"

అత్తమ్మ ఆ జిడ్డు ప్లేటును చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూసింది. "తప్పు నా చేతిది తమ్మీ, బండిది కాదు. చెయ్యిని ఆపుకుంట గని బండినెందుకు అమ్ముత?" అని నవ్వేసింది. కొత్త ప్లేటు వేయించాం. ఆనాటి నుంచి గ్రీజుకు కొలత వచ్చింది. నా కంచానికి మాత్రం రాలేదు. వద్దు వద్దంటూనే తినేవాణ్ని, ఆ సుఖం దాచుకోవడమెందుకు?

పెద్దకర్మ అయిన రోజు ఆమె తమ్ముడు మళ్లీ అదే మాట ఎత్తాడు. ఈసారి అడగాల్సింది నా భార్యను. చీరకు గ్రీజు మరక అంటితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. మేనమామను వదిలి నావైపు తిరిగింది. "బండి ఇంక వేడి మీదనే ఉన్నదా?"

కర్మకు తెచ్చిన అద్దె సామాను తిరిగిచ్చి అప్పుడే వచ్చిన బండి. ఉందన్నాను. కొంగు దోపుకుని బండి కిందికి దూరింది. పాత నూనె దించాం. అయస్కాంతాన్ని వేలితో తుడిచి వెలుతురులో చూసింది. మెత్తటి పొడే. నేను కొత్త నూనె పోస్తుంటే రంధ్రం దగ్గరే ముఖం పెట్టి కూర్చుంది. సన్నటి ధార అంచు దాటి జారింది.

"సాలు, ఆపు."

అచ్చం ఆ గొంతే. మేనమామ వంగి, చేతులు తుడుచుకోమని గుడ్డ అందించాడు.

అన్నాలకు కూర్చున్నాం. నా భార్య నా కంచంలో నెయ్యి పోస్తుంటే నేనూ అన్నాను, చాలు, ఆపమని. ఆమె వినలేదు. గోరు అంచున నల్లటి నూనె మరక ఇంకా పోలేదు.