తువ్వాల రెండో కొస

మా మామ పోయాడన్న కబురు మధ్యాహ్న భోజనం వేళ వచ్చింది. రఘునాథపల్లి బడిలో పిల్లలకు గుడ్లు పంచుతున్నాను. జనగామ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్. "బాపు పోయిండు" అన్నాడు. ఎదురుగా పళ్లెం పట్టుకుని నిలబడ్డ పిల్ల "టీచర్, నాకు?" అని రెండుసార్లు అడిగిందట. నాకు వినబడలేదు. మామ దగ్గర నుంచి నేను లేచి వచ్చి అప్పటికి ఒక రోజు కూడా కాలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. పెద్దపెద్ద మాటలు నాకు చేతకావు, ఆయనకు నచ్చవు కూడా. తరిగొప్పుల దగ్గరి ఒక పల్లెలో ఆయన నీరటి. ఊరి చెరువుకు కాపలా ఉండి, తూము తీసి, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూసే మనిషన్నమాట. చెరువు ఎండిన ఏళ్ళలో కూడా పొద్దున్నే పార భుజాన వేసుకుని కట్ట చివరిదాకా నడిచి వచ్చేవాడు. నీళ్ళున్న ఏడాది నీటి అంచున ఒక రాయి పెట్టేవాడు, దాన్ని గుర్తు రాయి అనేవాడు. మర్నాడు ఆ రాయిని చూసి చెరువు ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో చెప్పేవాడు. మోటారు పెట్టమని, కాలువ తిప్పమని ఎవరైనా గొడవకు వస్తే ఆయన దగ్గర ఒకటే మాట. "నీళ్ళకు తొందరుంటది. మనకెందుకు?"

నేను ఆయన కోడల్ని. పెళ్ళయిన నాటి నుంచి ఆయన నా చేతికి ఒక్క వస్తువు ఇచ్చింది లేదు. మా ఇళ్ళలో కోడలికి మామ ఇచ్చే మర్యాద అది. కూరగాయల సంచి తెచ్చినా అరుగు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు. పాప పుట్టాక పాపను కూడా అంతే. అరుగు మీద పడుకోబెట్టి, దొర్లి పడుతుందేమోనని ఒక కన్ను వేసి, పక్కకు జరిగి నిలబడేవాడు. నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి నేల మీద పడిన చప్పుడుకు మంచమెక్కుతాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళూ మా ఇద్దరి నోరు దాటని సంగతి. సకల జనుల సమ్మె రోజులు. బడులు మూతపడ్డాయి. నేను మా టీచర్లతో సమ్మె శిబిరంలో కూర్చుంటే, మామ వాళ్ళ ఊరి శిబిరంలో కూర్చునేవాడు. ఆయనకు రాష్ట్రమంటే చెరువు నిండడం. "నీళ్ళ కోసమే గద బిడ్డా గీ కొట్లాట" అనేవాడు. శిబిరంలో పంచిన తెల్ల తువ్వాల, అంచున 'జై తెలంగాణ' అని అచ్చు వేసింది, మెడలోంచి తీసేవాడు కాదు.

ఆ రోజుల్లోనే పన్వెల్‌లో ఉన్న మా ఆడబిడ్డ ప్రసవించింది. ఆమె భర్త అక్కడ బిల్డింగుల దగ్గర మేస్త్రీ. మనవణ్ణి చూస్తానని మామ పట్టుబట్టాడు. మా ఆయన శిబిరం పనులు వదిలి రాలేక, ఆరేళ్ళ పాపతో సహా నన్ను తోడు పంపాడు. బిడ్డను చూశాం, తిరుగు ప్రయాణానికి ఒక రోజు మిగిలింది. "మామా, సముద్రం సూడకుండనే పోతవా?" అని అల్లుడు తెల్లవారుజామున మమ్మల్ని అలీబాగ్ బస్సెక్కించాడు. అక్కడ సముద్రంలో ఒక కోట ఉందని, వెనకటికి రేవుకు, ఓడలకు అది కాపలా అని, నడిచే పోవచ్చని చెప్పాడు. ఏ వేళకు నడవాలో చెప్పడం మరిచిపోయాడు.

బస్సులో నా భయాలు నాకున్నాయి. సమ్మెలో ఉన్న టీచరమ్మ కోట చూడటానికి పోయిందని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పైగా ఆ తువ్వాల చూసి ఎవరైనా తగాదాకు దిగితే?

"మామా, జర ఆ తువ్వాల సంచిల పెట్టరాదు" అన్నాను.

"ఎందుకు బిడ్డా? నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అన్నాడు. పక్కనున్నాయన తువ్వాల వైపు కాదు, పాప తింటున్న సర్వపిండి వైపు చూస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఒడ్డుకు చేరేసరికి ఎదురుగా కోట. మధ్యలో తడి ఇసుక, రాళ్ళు, అక్కడక్కడా చీలమండల దాకా నీళ్ళు. జనం నడిచి పోతున్నారు. గుర్రబ్బండ్లు కూడా పోతున్నాయి. నాకు కాలు ముందుకు పడలేదు. మామ వంగి పిడికెడు ఇసుక తీసి, వాసన చూసి, ఆకాశం వైపు చూశాడు.

"చెరువు తగ్గినంక తేలిన శిఖంల నడిసినట్టే బిడ్డా. నీళ్ళు గుంజుకపోయినయి."

"మళ్ల వస్తే?"

"ఏడికెల్లి వస్తయి? మబ్బు లేదు, వాన లేదు. నా మాట నమ్ము."

నమ్మాను. నీళ్ళ విషయంలో ఆయన మాట కాదన్నవాళ్ళు మా మండలంలోనే లేరు. సముద్రానికి వానతో పని లేదని ఆయనకు తెలియదు. పాఠం చెప్పే నాకు తెలుసు. పోటు, ఆటు, చంద్రుడు అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ బొమ్మకూ నా కాళ్ళ కింది ఇసుకకూ సంబంధం ఉందని ఆ పూట తట్టలేదు.

కోటలో పాప ఫిరంగి ఎక్కి కూర్చుంది. నేను గోడ మీది నుంచి సముద్రాన్ని చూసి, కళ్ళు తిరిగి, దిగి వచ్చాను. మామను మాత్రం గుడి ముందున్న కోనేరు పట్టేసింది. దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగి, "తియ్యగున్నయి! చుట్టూ ఉప్పునీళ్ళు, నడుమ ఇవి ఎట్ల తియ్యగున్నయి?" అని తూము ఎక్కడుందోనని చుట్టూ తిరిగాడు. దొరకలేదు. ఆలోచిస్తూ మెట్టు మీద కూర్చుండిపోయాడు. చివరి గుర్రబ్బండివాడు మా దగ్గరికొచ్చి మరాఠీలో ఏదో గట్టిగా అరిచాడు. కిరాయి అడుగుతున్నాడనుకుని మామ "వద్దు పో" అని చెయ్యి ఊపాడు.

తిరిగి బయల్దేరాం. పాప మామ భుజాల మీద ఉంది. పావు దూరం పోయేసరికి నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. పొద్దున అక్కడ తడి ఇసుక ఉండింది. ఇంకో పది అడుగులు వేశాక మామ ఆగిపోయాడు. నీళ్ళు మా వెనక నుంచి కాదు, రెండు పక్కల నుంచీ వస్తున్నాయి. చప్పుడు లేదు. ఆయన ఆకాశం చూశాడు. నీళ్ళు చూశాడు. నా వైపు తిరిగాడు. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు.

"ఎవడు తీసిండు తూము?" అన్నాడు.

భయపడటం నా పని. ఆయన పని కాదు. ఆయన కూడా భయపడితే ఇక మాకు దిక్కెవరు?

"ఎనకకు నడువు బిడ్డా. కోటకే పోదాం."

"ఒడ్డు గదిగో మామా, కనబడుతనే ఉన్నది! ఉరుకుదాం!"

"వద్దు. ముంగట నీళ్ళ రంగు మారింది. అక్కడ లోతున్నది."

నేను వినలేదు. ఏడుస్తూ ముందుకు నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకు నేల తగల్లేదు. నడుము దాకా దిగిపోయాను, చీర కాళ్ళకు చుట్టుకుంది. వెనక నుంచి తువ్వాల వచ్చి నా మొహం మీద పడింది.

"కొస పట్టు!" ఆ గొంతు నాకు కొత్త. "వదలకు. తొందర పడకు."

పట్టుకున్నాను. పాప ఆయన తల పట్టుకుని కిక్కురుమనకుండా ఉంది. ఆయన ఒక చేత్తో పాప కాళ్ళు పట్టుకుని, ఇంకో చేత్తో తువ్వాల లాగుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. ప్రాణం పోయే వేళ కూడా మామ కోడలి చెయ్యి పట్టలేదు. నాకు మాత్రం అది చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

కోట మెట్లెక్కాక ఆయన పాపను దించి, తడి తువ్వాల పిండాడు. "తప్పు నాదే బిడ్డా. నలభై ఏండ్లు నీళ్ళ కాడ బతికి, గింత ఎరుక లేకపాయె" అన్నాడు. వానాకాలంలో ఆగిన పడవలు ఇంకా మొదలు కాలేదట. గుడి దగ్గర పూలమ్మే అవ్వ పడమటి దిక్కు చూపించి, పొద్దు గూకే వేళకు నీళ్ళు పోతాయని సైగ చేసింది. పాపకు కొబ్బరి ముక్కలు పెట్టింది. మామ ఆమె మాట నమ్మలేదు. ఇంక ఎవరి మాటా నమ్మే స్థితిలో లేడు, తన మాటతో సహా. కిందికి దిగి, నీళ్ళ అంచున ఒక రాయి పెట్టాడు. అది మునిగింది. పై మెట్టు మీద ఇంకొకటి పెట్టాడు. అదీ మునిగింది. మూడోది, నాలుగోది. ప్రతి రాయికీ నేను పాపను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. మేం నడిచిన దారి ఎక్కడుందో కూడా తెలియకుండా అంతా నీళ్ళే. ఈ నీళ్ళు ఆగకపోతే కోట ఎక్కడిదాకా సరిపోతుందని లెక్కలు వేసుకున్నాను.

ఐదో రాయి మునగలేదు. మామ దాని పక్కనే కూర్చుని కళ్ళార్పకుండా చూశాడు. చాలాసేపటికి, "నిలబడ్డయి" అన్నాడు. ఇంకా చాలాసేపటికి నాలుగో రాయి తల కనబడింది. "పోతున్నయి బిడ్డా, పోతున్నయి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పాప మాత్రం ఇంకో కొబ్బరి ముక్క అడిగింది.

పొద్దు గూకే వేళ తేలిన ఇసుక మీద నడిచాం. చీలమండల దాకా కూడా నీళ్ళు లేవు. అయినా ఆయన ఒక కొస, నేనొక కొస తువ్వాల వదల్లేదు. అదెందుకు పట్టుకున్నారని బస్టాండులో పాప అడిగితే గానీ మాకు గుర్తు రాలేదు.

"శిబిరంల చెప్పకు బిడ్డా, నీరటోడు నీళ్ళల్ల చిక్కిండంటే నవ్వుతరు" అన్నాడు. "సమ్మెల టీచర్ కోట సూడవోయిందని నువ్వు చెప్పకు మామా" అన్నాను. ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. తర్వాత రాష్ట్రం వచ్చింది, చెరువు పూడిక తీశారు, ఒక ఏడాది చెరువు నిండి మత్తడి కూడా దుంకింది. బడికి ఆలస్యమై నేను పరుగెత్తినప్పుడల్లా ఆయన అరుగు మీది నుంచి, "ఏంది కోడలా, ఎవడన్న తూము తీసిండా?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు అర్థం పాపకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

పోయిన వారం దవాఖానలో డాక్టరు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని మా ఆయనకు చెబుతుంటే మామ విన్నాడు. అప్పటి నుంచి ఆయన కళ్ళలో మళ్ళీ ఆ కోట మెట్ల మీది చూపు.

"ఎంతదాక వచ్చినయి బిడ్డా?" అని అడిగాడు ఆ సాయంత్రం.

"నాలుగో రాయి కాడనే ఉన్నయి మామా."

"మళ్ల పోతయా?"

"పోతయి. పొద్దు గూకే యాళకు పోతయి."

తలకింద పెట్టుకున్న పాత తువ్వాల తీసి, ఒక కొస నా వైపు జరిపాడు. అచ్చు అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. నేను కొస పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాడు. నా బస్సు వేళయింది. కొస వదిలితే తెలిసిపోతుందని భయపడి, దాన్ని మంచం కడ్డీకి వదులుగా ముడి వేసి, చప్పుడు కాకుండా లేచి వచ్చాను. నేను ఆయనకు చేసిన మోసం అదొక్కటే.

తెల్లవార్లూ ఆ కొస వదల్లేదని, ఎవరైనా తీయబోతే పిడికిలి బిగించాడని మా ఆయన చెప్పాడు. మర్నాడు మా ఆయన అన్నం తేవడానికి కిందికి దిగిన కాసేపట్లో మామ పోయాడు. నేను వెళ్ళేసరికి తువ్వాల అలాగే ఉంది. ఒక కొస ఆయన పిడికిట్లో, ఇంకో కొస కడ్డీకి. నేను వదులుగా వేసిన ముడి ఎంత బిగుసుకుపోయిందంటే, విప్పడానికి నా గోళ్ళు సరిపోలేదు.