దాటితే ఎదగరు

భూమిని కొలవడం నా ఉద్యోగం. దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ప్రభుత్వ సర్వే ఆఫీసులో చేరిన కొత్తలో, అంటే తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం పోయి కొత్తది వచ్చి నాలుగైదేళ్ళయిన రోజుల్లో, సరిహద్దుల దగ్గర చాలామందితో వాదించాను. చెరకు రైతులతో వాదించాను, వకీళ్ళతో వాదించాను, ఒకసారి గట్టు మీద నుంచి కదలని ఒక ఎద్దుతో కూడా. అన్నిట్లోనూ గెలిచానని చెప్పను గానీ, ఓడిపోయానని ఒప్పుకున్నది ఒక్కసారే. అది డర్బన్ సముద్రపు ఒడ్డున, ఒక చెక్క జిరాఫీ చేతిలో.

అప్పుడు మేం ఆ ఊళ్ళోనే రైస్‌థార్ప్ పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో, వెనకవైపు రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు. ఇంటావిడకి అరవై దాటాయి. ఆమె తాతలు కోస్తా నుంచి ఓడెక్కి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టింది డార్నల్‌లో, చక్కెర మిల్లు ఇళ్ళల్లో. పిల్లల చేత ‘అవ్వా’ అని పిలిపించుకునేది. అవ్వ మాట్లాడేది ఇంగ్లీషే. తెలుగుని మాత్రం తిట్టడానికీ తినిపించడానికీ దాచుకుంది. మరి ఆ తెలుగుతో ఇంకే పనీ జరగదు గదా అని మా ఆవిడ జాలిపడేది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకేం పనుంటుందో నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు.

ముప్పై ఏళ్ళ కిందట అవ్వ కుటుంబమంతా పెంతెకొస్తు చర్చిలో చేరారు. దిష్టి, శకునం, వారం, వర్జ్యం అన్నీ సైతాను సామానని ఆమె బయట పారేసింది. ఒక్కటి మాత్రం పారేయలేదు. పడుకున్న పిల్లల్ని దాటకూడదు. దాటితే ఎదగరు. పొరపాటున దాటితే, మళ్ళీ వెనక్కి దాటాలి. అప్పుడు చెల్లుకు చెల్లు. ఇండియాలో మా ఊళ్ళోనూ ఇదే మాట.

“ఇది మాత్రం సైతానుది కాదా అమ్మా?” అని అడిగాను ఒకసారి.

“ఇది రిలీజియన్ కాదు అబ్బాయ్. ఇది హైటు,” అంది.

ఎత్తు సంగతి మా ఇద్దరికీ పట్టింపే. నెలకోసారి అవ్వ వంటింటి గుమ్మానికి పిల్లల్ని ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెట్టేవాణ్ణి. ఒకసారి అవ్వ కూడా చెప్పులు విప్పి నిలబడింది. మీటరు ముప్పైయేడు. గీత పెట్టి పక్కన తేదీ రాశాను. పెద్దవాళ్ళ ఎత్తుతో ఏం పని అని ఇంక దాని గురించి ఆలోచించలేదు.

పిల్లలు డర్బన్ ఒడ్డునున్న ఆటల పార్కు గురించి రెండు నెలలుగా నా ప్రాణం తోడేస్తున్నారు. కూతురి క్లాసులో ఎవరో వెళ్ళొచ్చారట. అక్కడ ఒక రైలు కొండెక్కినట్టు ఎక్కి, బావిలో పడ్డట్టు దిగుతుందట. సరే ఈ శనివారం అని మాటిచ్చాను. తీరా చూస్తే ఆ శనివారం మా ఆవిడకి ఆస్పత్రిలో డ్యూటీ పడింది.

“నేను వస్తా,” అంది అవ్వ.

“పిల్లల్ని చూసుకోవడానికి మీకెందుకమ్మా శ్రమ?”

“పిల్లల్ని నువ్వు సూసుకో. నేను ట్రైన్ ఎక్కడానికి వస్తన్నా.”

ఆ సాయంత్రం పచ్చిబఠాణీలు ఒలుస్తూ అవ్వ చెప్పింది. చాలామటుకు ఇంగ్లీషులోనే, మధ్యమధ్య తెలుగులో.

ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు మిల్లులో పనిచేసే వాళ్ళ నాన్న ఒక్కసారి డర్బన్ తీసుకెళ్ళాడు. భుజాల మీద ఎక్కించుకుని సముద్రం చూపించాడు. అక్కడ ఆ రైలుంది. జనం అరుస్తూ ఎక్కుతున్నారు, అరుస్తూ దిగుతున్నారు. నేనూ ఎక్కుతానంది. తెల్లవాళ్ళకి మాత్రమే అని అక్కడ బోర్డుంది. వాళ్ళ నాన్నకి చదువు రాదు గానీ ఆ బోర్డు చదవడం అప్పట్లో అందరికీ వచ్చు. ఆయన బోర్డు మాటెత్తలేదు. “నువ్వు సిన్నదానివే తల్లీ. పెద్దయ్యాక ఎక్కుదువులే,” అన్నాడు.

ఆమె నమ్మింది. ఇంటికొచ్చి మునగాకు తినడం మొదలుపెట్టింది. ఎదగాలని పొద్దునా సాయంత్రం పెరట్లో మామిడి కొమ్మ పట్టుకుని వేలాడింది. ఒకరోజు కాదు, రెండు కాదు, మూడేళ్ళు. పదకొండో ఏట మేనమామ కొడుకు చూసి పగలబడి నవ్వి, బోర్డు సంగతి చెప్పాడు. గవర్నమెంటు మీద తనకి కోపం రాలేదట. గవర్నమెంటు అంతే, అది అందరికీ తెలిసిందే. వాళ్ళ నాన్న మీద వచ్చింది. “మై ఓన్ ఫాదర్, అబ్బాయ్. నాకు అబద్ధం సెప్పినాడు. నేను కోతిలాగ సెట్టుకి వేలాడతంటే సూస్తా ఊరుకున్నాడు.” ఆయన పోయేదాకా ఆమె ఆయనతో మాట్లాడింది, వండి పెట్టింది, సేవ చేసింది. కోపం మాత్రం పోలేదు. ఇన్నేళ్ళకి బోర్డు పోయింది. “నేను ఒక్కసారి ఎక్కి దిగాల. ఐపోవాల,” అంది, తొక్కలు ఎత్తి చెత్తబుట్టలో వేస్తూ.

శనివారం పొద్దున్నే బయలుదేరాం. అవ్వ చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుంది. బీన్స్ కూర, రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఒక ఫ్లాస్కు టీ సర్దింది. దారిలో కొడుకు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కూతురు ఆ రైల్లో ముందు పెట్టెలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేసింది. ముందు తను, తన పక్కన అవ్వ, వెనక నేను. నాకు ఎత్తులంటే భయమని ఆ పిల్లకి ఎవరు చెప్పారో గానీ, “నాన్న కళ్ళు మూసుకోవచ్చు,” అని పర్మిషన్ కూడా ఇచ్చింది.

పార్కులో ప్రతి ఆట ముందరా ఒక చెక్క జిరాఫీ ఉంది. దాని మెడ మీద ఎర్రగీత. పిల్లల తల గీతకి తగిలితే లోపలికి, తగలకపోతే ఇంటికి. రైలు దగ్గర జిరాఫీ గీత మీటరు నలభై. అక్కడున్నది నా వయసు జులూ ఆవిడ, మెడలో ఈల. మా అమ్మాయిని నిలబెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాను. నీళ్ళు పోవడానికి ఇక్కడి కాంక్రీటు సముద్రంవైపు వాలుగా ఉందనీ, జిరాఫీ ఎగువన ఉందనీ, మా అమ్మాయి దిగువన నిలబడిందనీ, ఇలాంటి కొలత ఏ కోర్టులోనూ నిలవదనీ చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది. విని, జిరాఫీని దిగువకి జరిపి, మా అమ్మాయిని ఎగువన నిలబెట్టింది. గీత అప్పటికీ పిల్ల తలకి జానెడు పైన ఉంది. వెనక క్యూలో ఎవరో ఈల వేశారు. అది ఆవిడ ఈల కాదు.

ఆ మొత్తం పార్కులో మా పిల్లలిద్దరికీ అర్హత ఉన్నవి రెండు. గుండ్రంగా తిరిగే టీకప్పులు, గుండ్రంగా తిరిగే బాతులు. బాతుల్లో నాలుగేళ్ళవాడి పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలట. నేను మోకాళ్ళు చెవులకి ఆనించుకుని మూడుసార్లు తిరిగాను. కూతురు ఒక కప్పులో చేతులు కట్టుకుని, పెళ్ళిలో మర్యాద జరగని వియ్యపురాలిలా కూర్చుంది. కొడుక్కి అసలు కావలసింది బుల్లి కార్లు. అక్కడి పొట్టి జిరాఫీ వాణ్ణి రెండు వేళ్ళ తేడాతో ఆపేసింది. వాడు నేలమీద పడి ఏడుపు లంకించుకున్నాడు.

అవ్వ నావైపు తిరిగింది. “ఎవరు దాటినారు వీణ్ణి?”

“నేనే,” అన్నాను. పొద్దున్న కారు తాళాలు వెతుక్కుంటూ, చాప మీద పడుకున్న వాణ్ణి దాటిన మాట నిజం.

“నీ దుంప తెగ! మరి వెనక్కి దాటినావా?”

దాటలేదు. అప్పటికప్పుడు వాణ్ణి పచ్చిక మీద పడుకోబెట్టించి, అందరూ చూస్తుండగా నా చేత వెనక్కి దాటించింది. వాడు ఏడుపు ఆపేసి, లేచి పరుగెత్తుకుంటూ వెళ్ళి జిరాఫీ దగ్గర నిలబడ్డాడు. రెండు వేళ్ళూ రెండు వేళ్ళుగానే ఉన్నాయి. పెదవి మళ్ళీ వణికింది. అవ్వ వంగి వాడి ముక్కు తుడిచి, “ఏడవమాకు నా తండ్రి. పెద్దయ్యాక ఎక్కుదువులే,” అంది.

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. తర్వాత టోపీ సర్దుకుని, “పద. నా ట్రైన్,” అంది.

క్యూలో అవ్వ ముందు ఒక ఎర్రజుట్టు తెల్లపిల్లవాడు, వాళ్ళమ్మ. ఈలావిడ వాణ్ణి నిలబెట్టి తల అడ్డంగా ఊపింది. వాడు జిరాఫీని కాలితో తన్నాడు. వాళ్ళమ్మ ఏదో గట్టిగా అంది. ఈలావిడ చేత్తో పక్కకి చూపించింది. వాళ్ళు వెళ్ళిపోయారు. అవ్వ దీన్ని కళ్ళార్పకుండా చూసింది.

“వాణ్ణి కూడా వద్దన్నాదా?” అని నన్నడిగింది.

“అంది.”

“హైటు కోసమా?”

“హైటు కోసమే.”

అవ్వ టోపీ తీసి నా చేతికిచ్చి, అడుగు ముందుకేసింది. ఈలావిడ ముందు నవ్వింది. “గోగో,” అని పిలిచింది, జులూలో అవ్వా అని. తర్వాత అవ్వ నెత్తివైపు చూసింది. జిరాఫీ వైపు చూసింది. నవ్వు తగ్గింది. అప్పుడు నాకు వంటింటి గుమ్మం గుర్తొచ్చింది. మీటరు ముప్పైయేడు. నా చేత్తో నేనే రాశాను, తేదీతో సహా.

వాళ్ళిద్దరూ జులూలో మాట్లాడుకున్నారు. అవ్వకి జులూ తెలుగు కన్నా బాగా వచ్చు. ఈలావిడ భుజాల మీదకి దిగే ఇనప కడ్డీని చూపించి, అది ఇంత పొట్టి మనిషిని పట్టుకోదని చేతులతో చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు వాలు గురించి అరిచాను, తర్వాత యాభై ఏళ్ళ గురించి అరిచాను, బోర్డు గురించి, మునగాకు గురించి కూడా అరిచాను. మునగాకుని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణాన తట్టక తెలుగులోనే అరిచాను. ఈలావిడ ఇదీ చివరిదాకా వింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా దారికి అడ్డంగా కట్టిన గొలుసు తీయలేదు.

“నువ్వు నోర్ముయ్ అబ్బాయ్,” అంది అవ్వ. “ఆయమ్మ తన పని తాను సేస్తంది.”

మేం పక్కకొచ్చాం. మా వాడు వచ్చి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

“అవ్వా, నిన్నెవరు దాటారు?”

“ఏమో నా తండ్రి. సిన్నప్పుడు ఎవరో దాటే ఉంటారు.”

“పడుకో అయితే. మేం వెనక్కి దాటుతాం.”

నేను వద్దనేలోపే అరవై ఏళ్ళు దాటిన మనిషి, డర్బన్ సముద్రపు ఒడ్డున, పచ్చిక మీద వెల్లకిలా పడుకుంది. టోపీ పొట్ట మీద పెట్టుకుంది. ముందు కొడుకు దాటాడు, తర్వాత కూతురు. ఎటునుంచి దాటాలో తెలియక అటూ ఇటూ నాలుగుసార్లు దాటారు. చివరికి లెక్క ఎక్కడ తేలిందో నాకైతే తెలియదు. పైన రైలు అరుపులతో వెళ్ళింది, అరుపులతో తిరిగొచ్చింది. అవ్వ దాన్నే చూస్తోంది.

“ఇన్నేళ్ళు మా నాయన మీద కోపం పెట్టుకున్నా,” అంది, పైకి చూస్తూనే. “సిన్నదానివని అబద్ధం ఆడినాడని. సూడు అబ్బాయ్. నిజమే సెప్పినాడు.”

ఆమె చెవుల వైపుకి కన్నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. నేను మొహం సముద్రంవైపు తిప్పుకుని, వాలు చూస్తున్నట్టు నటించాను.

“లే అవ్వా, కొలుచుకుందాం,” అన్నాడు మా వాడు.

ముగ్గురం పట్టి లేపాం. వీపున అంటిన గడ్డి కూతురు దులిపింది. వాడు అవ్వ చెయ్యి పట్టుకుని తిన్నగా రైలు దగ్గరికి తీసుకెళ్ళి, జిరాఫీ పక్కన నిలబెట్టాడు. క్యూ అంతా ఆగింది. ఈలావిడ ఏమాత్రం నవ్వకుండా వచ్చి, అరచెయ్యి అవ్వ నెత్తిన పెట్టి, గీత దాకా చూసి, మళ్ళీ ఒకసారి చూసింది.

“ఇంకా అందలేదు గోగో,” అంది.

“సరే,” అంది అవ్వ, టోపీ పెట్టుకుంటూ. “ఎదిగినాక వస్తా.”