ఎవరి బరువు దిగింది?

ఈ ఉదయం గోదాములో మిర్చి బస్తా మూతి విప్పగానే ఘాటు నషాళానికి అంటింది. ఒకటే తుమ్ములు. కళ్ళు తుడుచుకుంటుంటే సుమతి మేడం గుర్తొచ్చింది. వెనకే, ఎప్పటిలాగే, కోపం. ఆమె మీద కాదు. మా మిర్చి సేటు మీద, అంతకంటే ఎక్కువ నా మీద.

వరంగల్ మిర్చి చైనాకు పోతుంది. కొనేవాళ్ళు సరుకు చూసుకోవడానికి ఇక్కడికి వస్తారు. వాళ్ళ మాట మనకు, మన మాట వాళ్ళకు చెప్పే మనుషులను తయారు చేసింది సుమతి మేడమే. హనుమకొండలో ఒక ఫోటో స్టూడియో పైగదిలో చైనీస్ నేర్పేది. మహా కోపిష్టి. తప్పు పలికితే చాక్‌పీసు వచ్చి నుదుటికి తగిలేది.

'అక్కర్లేదు' అనడానికి చైనీస్‌లో చాలా మాటలున్నాయి. 'మెయ్ బియావ్' అంటే ఆ పనికే అర్థం లేదని తీర్పు చెప్పినట్టు. 'బూయోంగ్' మెత్తనిది. నీకెందుకా శ్రమ, ఉండనీ అన్నట్టు. నేను రెండూ కలిపేస్తుంటే మేడం విసిగిపోయి, నీళ్ళ క్యాను నా చేత మెట్లెక్కించింది. సగంలో రొప్పుతూ నిలబడ్డాను. ఆమె దిగి వచ్చి, బూయోంగ్ అంటూ క్యాను అందుకుంది.

"ఇప్పుడు ఎవ్వల బరువు దిగింది?" అని అడిగింది.

"నాదే మేడం."

"ఎదుటోళ్ల బరువు దిగితెనే అది బూయోంగ్. నీ బరువు దించుకునేతందుకు ఆ మాటంటే తప్పించుకునుడే."

నా మొదటి పనికి ఆమే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అప్పటిదాకా సేటుకు చైనా వాళ్ళతో మాట కలిపింది ఆమే. సేటు షెడ్డులో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని మిర్చికి తొడిమలు తీస్తున్నారు. అందరికీ దగ్గే. మాస్కు కట్టుకున్న చైనా ఆయన, వీళ్ళకు మాస్కులేవని అడిగాడు.

సేటు నవ్వాడు. "ఆళ్లకెందుకు బిడ్డా, అలవాటైన ముక్కులు. అక్కర్లేదని చెప్పు."

చెప్పాను. బూయోంగ్ అనే చెప్పాను. ఆ మెత్తని మాటలో చుట్టి ఇస్తే సేటు మొరటుతనం దయలాగా వినిపించింది. చైనా ఆయన తలూపాడు. మేడం మాత్రం ఊపలేదు. దగ్గర్లో కూర్చున్న సమ్మక్క ముందు గొంతుకూర్చుని, మాస్కు అక్కర్లేదా అని అడిగింది.

"మమ్ముల ఎవలడిగిన్రు మేడం? దగ్గుకు బుక్కెడన్నం దిగుతలేదు" అంది సమ్మక్క.

మేడం ఆ మాటను ఉన్నదున్నట్టు చైనా ఆయనకు చెప్పింది. మాస్కులు వచ్చేదాకా సరుకు చూడనన్నాడాయన. మధ్యాహ్నానికల్లా వచ్చాయి. అంత తేలిక పని అది. సేటు మొహం మాత్రం మాడిపోయింది.

మర్నాడు సేటు నన్ను పిలిపించి, ఇక మేడం అక్కర్లేదు, పని నువ్వే చూసుకో, ఆ సంగతి ఆమెకు నువ్వే చెప్పు అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ రక్తం మరిగేది ఇక్కడే. ఒప్పుకున్నాను! ఫోన్ చేసి చైనీస్‌లో చెప్పాను, రేపటి నుంచి మీరు రావక్కర్లేదని. మళ్ళీ అదే మాట, బూయోంగ్. పరాయి భాషలో అయితే నోరు కాలదు కదా.

మేడం, "తెలుగుల చెప్పు" అంది.

ఫోన్ పెట్టేశాను. సోమవారం సిగ్గు లేకుండా క్లాసుకు వెళ్తే, ఏమీ జరగనట్టే పాఠం చెప్పింది. తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని. కనీసం చాక్‌పీసు కూడా విసరలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ ఒక్క ముక్కా ఆమెకు తెలుగులో చెప్పనే లేదు.

తుమ్ములు తగ్గాక ఇవాళ షెడ్డులోకి వెళ్ళాను. చేతులకు గ్లవుజులేవని కొత్తగా వచ్చిన చైనా ఆయన అడిగాడు. అక్కర్లేదని చెప్పమన్నాడు సేటు. నేను ఆడవాళ్ళ వైపు తిరిగి, మీకు గ్లవుజులు అక్కర్లేదని సేటు అంటున్నాడు, నిజమేనా అని తెలుగులోనే అడిగాను. ఒకామె బొబ్బలెక్కిన అరచేతులు తెరిచి చూపించింది. ఆ చేతులనే చైనీస్‌లో చెప్పాను.

సేటు చూసిన చూపు నాకు తెలుసు. రేపు నన్ను రావక్కర్లేదని చెప్పే పని ఇంకెవరికో అప్పగిస్తాడు. ఫోన్ రానీ. తెలుగులో చెప్పమంటాను.